నిద్ర లేవగానే చదివే ఫైలు

పాసో అరాసా,
10 ఆగస్టు 2019, శనివారం.

ఎల్బియో గారికి,

మీరూ, నార్మా గారూ సరిహద్దు ఊళ్ళో ఉన్నంతలో కులాసాగా ఉన్నారని తలుస్తూ నిదియా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ మోకాళ్ళు తప్ప మిగతా అంతా నడుస్తోంది. ఆరేళ్ళలో మీకు ఇదే నా మొదటి ఉత్తరం. దీన్ని చూసి నా కోపం చల్లారిందనుకోకండి.

ఏటా ఏప్రిల్లో మీరు పంపే మాతే టీ ఆకు పొట్లాలు ఆరూ అందాయి. ఒక్కటీ విప్పలేదు, అటక మీద పడేశాను. అమ్మ వాటిని పొయ్యిలో పెట్టమంది. ఆకు ఏం పాపం చేసిందని ఊరుకున్నాను.

మీకు జబ్బు ముదిరిందని, ఒక్క ముక్క రాయమని కిందటి నెల నార్మా గారు ఉత్తరం రాశారు. రెండు వారాలు తప్పించుకు తిరిగాను. ఇవాళ ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చోవలసి వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

వాగు పొంగితే సైరన్లు మోగించే మన పాత కంప్యూటర్‌ను మునిసిపాలిటీ తీసేస్తోంది. సోమవారం తుక్కు కింద పోతుంది. అందులో పనికొచ్చేవి కాపీ చేసి పెట్టమని మిల్తన్ నాకు అప్పజెప్పాడు. వాడిప్పుడు మా పైఅధికారి, నమ్మండి. ఆ ముసల్దాని గొణుగుడు నీకు తప్ప ఎవరికీ అర్థం కాదే అన్నాడు. యంత్రం సంగతే లెండి.

మీ పేరు ఎత్తకుండా మీ పాఠాలే కొత్తవాళ్ళకు చెబుతున్నాను. నేను చేరిన మొదటి రోజు మీరు నాకు ముప్పై వరుసల ఫైలొకటి చూపించారు. చూడు పిల్లా, ఈ యంత్రం నిద్ర లేవగానే దీన్ని ఒక్కసారి చదువుతుంది, ఆ తర్వాత నువ్వు ఇందులో ఏం మార్చినా దానికి పట్టదు, మళ్ళీ పడుకుని లేచేదాకా అంతే అన్నారు. వరుస మార్చినవాళ్ళు పక్కనే పేరూ తేదీ రాయాలన్నారు. రాయకపోతే ఆ వారమంతా ఆఫీసుకు మిఠాయి రొట్టెలు వాళ్ళే తేవాలి. మిల్తన్ మతిమరుపు పుణ్యమా అని మనమంతా లావెక్కాం. ఇంకో నియమం కూడా మీదే: వద్దు అని పెట్టినవాళ్ళే దాన్ని తిరిగి తియ్యాలి.

ఆ నియమం మీరే తప్పారు. ఆరేళ్ళ కిందట ఏప్రిల్లో సైరన్ల పరీక్షలు చేస్తున్న ఆ వారమంతా మోతకు ఊరు గగ్గోలు పెడుతోందని ఫైల్లో ‘సైరన్లు: వద్దు’ అని పెట్టుకున్నాం. అటూ ఇటూ ఎవరెన్నిసార్లు మార్చామో గుర్తు లేదు. శుక్రవారం చివరిసారి, నడుస్తున్న యంత్రానికి మోగించమని తెర మీద నేనే ఆజ్ఞ ఇచ్చాను. మూడు సైరన్లూ మోగాయి. రొట్టెల కొట్టు దోన్యా చోలా వీధిలోకొచ్చి, శ్మశానంలో ఉన్నవాళ్ళని కూడా లేపి కూర్చోబెడతారా ఏంటర్రా అని తిట్టింది. పని అయిపోయిందని నవ్వుకుంటూ ఇళ్ళకు పోయాం. ఫైల్లో మాత్రం ‘వద్దు’ అలాగే ఉండిపోయింది.

శనివారం గాలివానకు కరెంటు పోయింది. తిరిగొచ్చాక యంత్రం తనంతట తానే లేచి ఫైలు చదువుకుంది. ఆదివారం ఊరంతా తిని కునుకు తీసే వేళకు వాగు విరుచుకుపడింది. ఒక్క సైరనూ మోగలేదు. వాగొడ్డు ఇంట్లో మా తమ్ముడు ఓమర్ మంచం మీంచి లేవనే లేదు, నిద్రలోనే కొట్టుకుపోయాడు. వాడికి ఇరవై మూడేళ్ళు.

సోమవారం ఫైలు తెరిచి అందరం చూశాం. ‘సైరన్లు: వద్దు. ఎల్బియో, 12 ఏప్రిల్.’ విచారణలో మీరు, అక్కడున్నది నా పేరేగా, ఇంక అడిగేదేముంది అన్నారట. ఒక్క సాకు చెప్పి ఉంటే మిమ్మల్ని ద్వేషించడం నాకు ఇంకా సులువయ్యేది. ఉద్యోగం పోయి మీరు ఊరు వదిలిన రోజు నేను కిటికీ తలుపు కూడా తియ్యలేదు.

శ్మశానం గేటు దగ్గర మిమ్మల్ని ఆపి, నీ చేతి పువ్వు వాడికొద్దు, పో అన్నది నేనే. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. ప్రతి నవంబరులో సమాధుల పండుగకు వాడి సమాధి దగ్గర అమ్మ, మా వాణ్ణి నిద్రలో చంపినవాడికి కంటి మీద కునుకు పట్టకూడదు దేవుడా అని మొక్కుతుంది. నేను పక్కన నిలబడి ఆమెన్ అంటాను.

మీ జబ్బు గురించి విని సంతోషించలేదు. అంతవరకే చెప్పగలను. క్షమించాను అని రాస్తే అబద్ధమవుతుంది, చావుబతుకుల్లో ఉన్న మనిషికి అబద్ధం రాయలేను. నార్మా గారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
నిదియా

తా.క. కవరు అంటించి, కాపీ పని ముగిద్దామని కూర్చున్నదాన్ని, దాన్ని చింపి మళ్ళీ రాస్తున్నాను. యంత్రం ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి తన ఫైళ్ళకు ఒక నకలు తీసి లోపల దాచుకునేది కదా. ఆ శుక్రవారం నకలు దొరికింది. అందులో ఇలా ఉంది: ‘సైరన్లు: వద్దు. నిదియా, 12 ఏప్రిల్.’

అసలు ఫైలు చివరిసారి మారిన వేళ కూడా చూశాను. ఆదివారం సాయంత్రం ఏడూ ఇరవై. అప్పుడు ఆఫీసులో నువ్వొక్కడివే ఉన్నావు. మేమంతా వాగులో ఓమర్ కోసం వెతుకుతున్నాం. సోమవారం మేమెవరం వేళ చూడలేదు ఎల్బియో. పేరు చూశాం, అది చాలనుకున్నాం.

నార్మాకు ఫోన్ చేశాను. ఆవిడకు మొదటి నుంచీ తెలుసట. ఆ పిల్లకు తమ్ముడు పోయిందే చాలు, ఇది కూడా ఎందుకు అన్నావట. నిన్నటి నుంచి నువ్వు మనుషుల్ని పోల్చుకోవడం లేదంది. అయినా పంపమ్మా, చెవి దగ్గర చదువుతాను అంది. పైనంతా వదిలేసి ఇక్కడి నుంచే చదవమని చెప్పాను.

అమ్మకు ఇంకా చెప్పలేదు. రేపు ఆదివారం, భోజనానికి రమ్మంది.