చెలమ పూడ్చాను

అక్కా,

కంప్యూటర్ నేర్చినవాడికల్లా వీసా దొరుకుతున్న రోజులివి. నేనూ సింగపూరు చేరాను. ఈ సాయంత్రం చాంగీలో ఆఫీసు అయ్యాక టోవా పాయోలో ఇంటికొస్తే, మా బ్లాకు కింద పిల్లలాడే ఇసుకలో నా కూతురు చెలమ తీస్తోంది. ఎవరూ నేర్పలేదు. మధ్యాహ్నం వాన పడిందేమో, గుంటలో నీళ్లు ఊరాయి.

"డాడీ, వాటర్ కమింగ్ లా!" అంటూ భుజం దాకా చెయ్యి దించింది. రెక్క పట్టి బయటికి లాగేశాను. ఏడ్చింది.

మన ఊరి ఏరు హగరి సంగతి దానికెలా చెప్పను? ఏరంటే మనకు ఇసుకేననీ, గాలికాలంలో ఆ ఇసుకే లేచి పాత ఊరిని కప్పేస్తే, చెలమ ఊరే చోటు చూసుకుని మనవాళ్లు కొత్త ఊరు కట్టుకున్నారనీ? మన చిన్నప్పుడు మోకాలి లోతుకే నీళ్లు పడేవి. తోటలకు బోర్లు వేశాక మనిషి లోతు తవ్వినా తడి తప్ప ఏమీ లేదు. అంత లోతున నువ్వుండగానే ఇసుక విరిగి మీద పడింది.

కూతురి గుంటను కాలితో పూడ్చేశాను. "చెలమ పూడ్చగూడదురా, మన ఎనక వచ్చేవాళ్లు తాగల్ల" అనేదానివి.

నీ చెలమను మాత్రం ఎవరూ పూడ్చలేదు. నిన్ను తీయడానికి తవ్విన లోతులో ఊట పడింది. మర్నాడు అమ్మ అక్కడి నుంచే బిందె తెచ్చింది. నేనూ తాగాను.