ఎనభై నాలుగు సబ్బులు

సెప్టెంబర్ 2, సోమవారం

పదికి ఎనిమిది. పది లెక్కలూ రైటు. మళ్ళీ రాస్తున్నాను, పది లెక్కలూ రైటు. అయినా ఎనిమిదే. కింద ఎర్ర ఇంకుతో "స్టెప్స్ రాయాలి" అని ఒక ముక్క. నా పక్కన కూర్చునే పొడుగు (క్లాసులో అందరికంటే ఎత్తు, అందుకే ఆ పేరు) నా నోటుబుక్ చూసే దింపుకుంది. అవే స్టెప్స్. నేను కొట్టేసిన చోట అదీ కొట్టేసింది. దానికి పదికి పది.

రెండు నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి, ఇదేం న్యాయం అని అడుగుదామనుకున్నాను. అడిగితే పొడుగు దొరికిపోతుంది. ఒకటో క్లాసు నుంచీ నా ఫ్రెండు అది. నా నోటుబుక్ బ్యాగులో పెట్టేసుకున్నాను.

మా లెక్కల టీచర్ మా అమ్మే. నా ఖర్మ కాలి ఈ సంవత్సరం మా సెవెంత్ బికి వేశారు. మొదటి రోజు పొద్దున్నే వంటింట్లో నిలబెట్టి మరీ చెప్పింది, స్కూల్లో అమ్మ ఉండదు, టీచరే ఉంటుంది, గుర్తు పెట్టుకో అని. సరే అన్నాను. ఇంట్లో కూడా టీచరే ఉంటుందని అప్పుడు చెప్పలేదు.

సెప్టెంబర్ 3, మంగళవారం

నాకు కొత్త పేరు పెట్టారు. గైడు. షాపుల్లో అమ్మే గైడు తెరిస్తే అన్ని లెక్కలకీ జవాబులుంటాయి కదా, నన్ను తెరిచినా ఉంటాయట. పెట్టింది రేడియో. వాడి చెవిన ఏది పడినా ఇంటర్వెల్ లోపు మూడు సెక్షన్లకీ తెలిసిపోతుంది కాబట్టి వాడి పేరు అది. మా అమ్మ బ్యాగులో ఆన్సర్ కీ ఉంటుందట. నేను రోజూ అది చూసి రాస్తానట.

ఆ బ్యాగు జిప్పు ముట్టుకుంటే మా అమ్మ నా చెయ్యి విరిచి పొయ్యిలో పెడుతుంది. ఒక లెక్క రావట్లేదంటే, రేపు క్లాసులో అందరితో పాటు అడుగు అంటుంది. అదే పక్కింటి పిల్లలు అడిగితే మాత్రం గేటు దగ్గర నిలబడి, టీ చల్లారిపోతున్నా సరే, చెప్తుంది. నాన్నని అడిగితే లాభం లేదు. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మైనస్ అంటే నాకు ఫ్రీజర్లో తెలుసు గానీ పుస్తకంలో తెలీదమ్మా అంటాడు.

అసలు ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. పొద్దున బెల్లు కొట్టే లోపు నా నోటుబుక్ కోసం కొట్టుకు చచ్చేది కూడా వీళ్ళే. తిట్టేదీ వాళ్ళే, దింపుకునేదీ వాళ్ళే. గైడులో తప్పుండదు కదా మరి!

సెప్టెంబర్ 5, గురువారం

అమ్మని అడిగాను. క్లాసులో ఒక్క మాట చెప్పమన్నాను. మా అమ్మాయి హోంవర్క్ తనే చేసుకుంటుంది, నేను చెప్పను అని. ఒకే ఒక్క వాక్యం. డబ్బు ఖర్చు లేదు, చాక్‌పీసు ఖర్చు లేదు.

చెప్పనంది. బట్టలు ఇస్త్రీ చేస్తూ, నా వైపు చూడకుండానే చెప్పనంది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారట. తల్లి చెప్పే సాక్ష్యం ఎవరూ నమ్మరట. పోయినేడాది సైన్స్ టీచర్ కొడుక్కి పేపర్ ముందే తెలిసిపోయిందని ఎంత గోల అయింది, ఆవిడ తలెత్తుకోలేక వేరే స్కూలుకి వెళ్ళిపోలేదా అంది.

అందుకని నాకు రెండు మార్కులు కోస్తావా అన్నాను. కొయ్యలేదంది. కోసింది. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు. నాన్న అడకత్తెరలో పోకచెక్కలా మా ఇద్దరి మధ్యా కూర్చుని టీవీ సౌండు పెంచాడు.

సెప్టెంబర్ 6, శుక్రవారం

మళ్ళీ ఎనిమిది.

సెప్టెంబర్ 8, ఆదివారం

నిర్ణయించుకున్నాను. రైటు చేస్తే గైడు అంటున్నారు, తప్పు చేస్తే అనరు కదా.

తప్పు చెయ్యడం ఇంత కష్టమని తెలీదు. మొదట ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అని రాశాను. మరీ చిన్నపిల్లల తప్పులా ఉంది, అమ్మ నమ్మదు. చెరిపేశాను. కూడికలో తప్పు పెట్టాను. చెయ్యి ఊరుకోలేదు, దానంతటదే దిద్దేసింది. చివరికి ఆరో లెక్క దొరికింది. ఒక కొట్టువాడు 48 సబ్బులు కొంటాడు, వాటిలో నాలుగో వంతు తడిసిపోతాయి, ఎన్ని మిగిలాయి అని. నేను 48ని 84 చేశాను. కంగారులో అంకెలు తిరగబడ్డాయి అనుకుంటారు. అక్కడి నుంచి అంతా పద్ధతిగా చేశాను. నాలుగో వంతు ఇరవై ఒకటి, మిగిలినవి అరవై మూడు. స్టెప్స్ కూడా రాశాను. కావాలన్నారుగా, తీసుకోండి స్టెప్స్.

సెప్టెంబర్ 9, సోమవారం

పొడుగుకి చెబుదామనే అనుకున్నాను, ఆరోది దింపుకోకు అని. నేను నీళ్ళు తాగి వచ్చేసరికి నోటుబుక్ నా బ్యాగులో లేదు. మూడు బెంచీలు దాటి ఎక్కడో ఉంది. అరిచి చెబితే అందరికీ తెలుస్తుంది. ఇంతలో బెల్లు. నోటుబుక్కులన్నీ పోగు చేసి పట్టుకెళ్ళిపోయారు.

నిజం చెప్పొద్దూ, కాస్త నవ్వొచ్చింది కూడా.

సెప్టెంబర్ 10, మంగళవారం

నవ్వు ఎటు పోయిందో పోయింది.

అమ్మ నోటుబుక్కుల కట్ట బల్ల మీద పడేసిన చప్పుడుకే నాకు అర్థమైంది. రేడియోని లేపి, పుస్తకం తెరిచి ఆరో లెక్క చదవమంది. వాడు చదివాడు, ఒక కొట్టువాడు నలభై ఎనిమిది సబ్బులు కొన్నాడు అని. మళ్ళీ చదవమంది. మళ్ళీ నలభై ఎనిమిదే. మరి నీ నోటుబుక్కులో ఎనభై నాలుగెందుకున్నాయిరా అంది. వాడు పుస్తకం చూసి, నోటుబుక్ చూసి, ఇంకాసిని కొన్నాడేమో టీచర్ అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

నాది కాకుండా పదకొండు నోటుబుక్కుల్లో ఎనభై నాలుగు సబ్బులు! ఒక్కరంటే ఒక్కరు పుస్తకం తెరవలేదు. అసలు నోటుబుక్ ఎవరిది అని అడిగింది. అందరూ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. అమ్మ అందరి వంకా చూసింది గానీ నా వంక చూడలేదు. అంటే తెలిసిపోయిందన్నమాట. నేనే లేచి నిలబడ్డాను.

వాళ్ళకి ఇవాళ ఒక్కరోజు వరండాలో నిలబడడం. నాకు దాంతో పాటు రెండు వారాలు హోంవర్క్ మార్కులు సున్నా. దింపుకున్నవాళ్ళ కంటే ఇచ్చినవాళ్ళది పెద్ద తప్పట. పరాయి పిల్లయితే రెండు వారాలు వేసేదా? వెయ్యదు. రాసిపెట్టుకుంటున్నాను, వెయ్యదు.

వరండాలో రేడియో మొదలుపెట్టాడు. ఇదంతా ప్లానట. తల్లీకూతుళ్ళిద్దరూ ఇంట్లో కూర్చుని వల పన్నారట, లేకపోతే గైడులో తప్పెందుకు వస్తుందట. అందరూ అవునవునన్నారు. పొడుగు నమ్మదనుకున్నాను. అది నా దగ్గరికొచ్చి, కావాలని రాశావా, నిజం చెప్పు అంది. కావాలనే రాశాను కదా. దానికి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. అవునన్నాను. మిగతాది చెప్పే లోపు అటు తిరిగిపోయింది.

సెప్టెంబర్ 11, బుధవారం

పొడుగు కిటికీ పక్క బెంచీకి మారిపోయింది. మా బెంచీ మీద నేనూ నా బ్యాగూ.

సెప్టెంబర్ 12, గురువారం

ఇంట్లో పెద్ద రభస. ఎందుకు చేశావని ఇన్నాళ్ళకి అడిగింది అమ్మ. చెప్పాను. తప్పు చేస్తేనైనా నీ కూతుర్నని మర్చిపోతారని చేశాను అన్నాను. రానివాళ్ళు తప్పు చేస్తే ఎలా నేర్పాలో నాకు ట్రైనింగులో చెప్పారు గానీ, వచ్చి కూడా తప్పు చేసేవాళ్ళని ఏం చెయ్యాలో చెప్పలేదు అంది. ఇప్పుడైనా క్లాసులో ఆ ఒక్క మాట చెప్పమన్నాను. పొడుగు నన్ను చూడడం మానేసింది, నీ కాళ్ళు పట్టుకుంటాను చెప్పమన్నాను. ఇప్పుడు చెప్తే ఇంకా నమ్మరంది.

ఎదురుగా ఉన్న గిన్నె తీసి గోడకేసి కొట్టాను. ప్లాస్టిక్‌ది. అది కూడా నా మాట వినలేదు, పగల్లేదు.

నాకు అమ్మంటే అసహ్యం. ఇవాళ్టికి.

సెప్టెంబర్ 13, శుక్రవారం

ఇంగ్లీషు హోంవర్క్, హెడ్మాస్టరుకి లెటర్. ఇంగ్లీషు కామా మేడం చెప్తుంది. కామా ఒకటి మరిచిపోతే ఇల్లు కాలిపోయినట్టు చూస్తుంది. ఏ విషయం మీదైనా రాయొచ్చంది. అందరూ రాసేది ఒకటే నాకు తెలుసు. ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, రెండు రోజులు సెలవు కావాలి.

నేను నిజం రాశాను. సర్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ మై మదర్, ప్లీజ్ చేంజ్ మై సెక్షన్. స్పెల్లింగులన్నీ రెండుసార్లు చూసుకున్నాను.

సెప్టెంబర్ 16, సోమవారం

పదికి తొమ్మిది! సర్ పక్కన కామా లేదని ఒక మార్కు తీసేసింది. మదర్ అన్న మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పైన "ఫీవర్" అని దిద్దింది.

రోజూ రాయమంటారు, రోజూ దిద్దుతారు. చదివేవాళ్ళెవరూ లేరా ఈ స్కూల్లో?

సెప్టెంబర్ 17, మంగళవారం

రేడియో నాతో మాట్లాడాడు. వార్త పెద్దదైతే వాడికి పగలు గుర్తుండవు. చాక్‌పీసుల కోసం స్టాఫ్‌రూముకి వెళ్తే, కామా మేడం ఎవరో పిల్ల తప్పు రాసిందని నా లెటర్ పేరు లేకుండా చదివి వినిపిస్తోందట. టీచర్లందరూ పడీ పడీ నవ్వారట. మా అమ్మ నవ్వలేదట. అది చెప్పేటప్పుడు మాత్రం వాడి గొంతు తగ్గింది.

సాయంత్రం అమ్మ అడిగింది, ఆ మాట కావాలని రాశావా అని. ఈ ప్రశ్నకి అవునంటే ఏమవుతుందో నాకు ఈమధ్యే తెలిసింది. అయినా అవునన్నాను. అమ్మ ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. జ్వరాన్నైతే మూడు రోజుల్లో తగ్గిపోయేదాన్ని కదే అంది. అని మొహం అటు తిప్పుకుంది. కొట్టినా బాగుండేది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది, ఇంటి సంగతి ఇంట్లో తేల్చుకోవాలి అన్నాడు నాన్న. ఇంట్లో ఎవరు తేల్చారు? ఆయన టీవీ చూస్తుంటే నేను రెండు వారాలుగా ఇంట్లోనే అరుస్తున్నాను.

సెప్టెంబర్ 18, బుధవారం

ఇవాళ అమ్మ క్లాసుకి కొత్త పుస్తకం పట్టుకొచ్చింది. పై క్లాసుది. దాన్ని తీసుకెళ్ళి పొడుగు చేతిలో పెట్టింది. నీకు నచ్చిన లెక్క ఒకటి బోర్డు మీద రాయి, నేను చూడను అంది. వెనక్కి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడింది. టీచర్ గోడ వైపు తిరిగి నిలబడడం మా స్కూల్లో ఎవరూ చూడలేదు.

పొడుగు పేజీలు తిప్పీ తిప్పీ, ఉన్నవాటిలో పొడుగాటి లెక్క ఏరింది. కసిగా ఏరింది, నాకు తెలుసు. అప్పుడు అమ్మ నన్ను పిలిచి చెయ్యమంది.

రెండు బ్రాకెట్లు, వాటి ముందు మైనస్. కోపంగా ఉంది, నన్ను ఇలా సర్కస్‌లో నిలబెట్టినందుకు. బ్రాకెట్లు విప్పాను. ఎక్స్‌లన్నీ ఒక పక్కకి తెచ్చాను. చివరికి మైనస్ రెండు ఎక్స్ ఈక్వల్ టు ఎనిమిది. ఎక్స్ ఈక్వల్ టు నాలుగు అని రాసి, చాక్‌పీసు పెట్టేసి నిలబడ్డాను.

అమ్మ ఇటు తిరిగింది. రైటని గానీ తప్పని గానీ అనలేదు. ఎక్స్ చోట నాలుగు పెట్టి మీరే చూడండి అంది. అందరూ తలలు వంచి రాయడం మొదలుపెట్టారు. మైనస్ మూడు రావాల్సిన చోట మైనస్ పంతొమ్మిది వస్తోంది. పొడుగే ముందు లేచింది. అది మైనస్ నాలుగు అంది. నాతో అంది, టీచరుతో కాదు.

నాకు నిజంగా తప్పొచ్చింది. కావాలని కాదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అప్పుడు చెప్పింది అమ్మ. ఇది నా కూతురు, దీని దగ్గర కీ ఉంటే ఆ మైనస్ పోయేది కాదు అంది. నేను రెండు వారాల నుంచి దేబిరించిన మాట. క్లాసంతా నా వంక చూసింది.

ఇంటికొచ్చాక అరిచాను. నేను రైటు చేసుంటే ఏమయ్యేది అన్నాను. రాత్రే నేర్పి పంపించానని అనేవాళ్ళు అంది. అంటే నేను రైటైతే దొంగని, తప్పైతే మంచిదాన్నా, ఇదెక్కడి లెక్క అన్నాను. నువ్వు తప్పు చేస్తావని నేననుకోలేదే, రైటే చేస్తావనుకున్నాను, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలీకే గోడ వైపు తిరిగాను అంది. చేతులు చల్లబడిపోయాయట. పట్టుకుని చూడమంది. చూడలేదు. కాసేపయ్యాక చూశాను.

ఆ రెండు మార్కులు మాత్రం ఇంకా ఇవ్వలేదు.

సెప్టెంబర్ 20, శుక్రవారం

పొడుగు మా బెంచీకి వచ్చేసింది. నా నోటుబుక్ అడగలేదు. తన హోంవర్క్ నా ముందుకి తోసింది, అంతా సొంతంగా చేసిందట. చూశాను. మూడోది తప్పు. బెల్లుకి ఇంకా టైముంది. నా మూడోది కొట్టేసి, దానిది దింపుకున్నాను.