ఆరున్నర హారన్

మహారాజశ్రీ నాన్నగారి పాదపద్మములకు, ఆ పాదాలు ప్రస్తుతం బ్రేకు మీద లేవన్న నమ్మకంతో, నీ కూతురు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మా, ఆపరేషనైన అమ్మ మోకాలూ క్షేమమని తలుస్తాను.

నిన్న ఫోన్లో "ఉత్తరం అందేదాకా కారు తీయకు" అంటే, "ఏంటే, ముహూర్తం పెట్టావా?" అన్నావు. నోటితో చెబితే నవ్వులాట చేసేస్తానని నాకే భయం. అందుకే ఈ కాగితం.

నీ ఉత్తరంలో మొదటి ప్రశ్న: సరిగ్గా తింటున్నానా? తింటున్నాను, నా ప్యాంట్లే సాక్షి. రెండోది: ఆఫీసులో ఏం చేస్తాను? మా గదిలో బల్ల మీద ఓ కారుంది. చక్రాల్లేవు, సీట్లు లేవు. డ్యాష్‌బోర్డు, బ్రేకు పెడలు, బోలెడు వైర్లు. దొంగలా దాని సాఫ్ట్‌వేర్‌లోకి దూరడానికి నాకు జీతమిస్తారు. నేను దూరిన కన్నాన్ని పక్క గదివాళ్ళు పూడుస్తారు. చిన్నప్పుడు బిస్కెట్ల డబ్బా దగ్గర నేర్చిన విద్య, వృథా పోలేదు.

మూడోది: మన కారు రోజూ సాయంత్రం ఆరున్నరకి రెండుసార్లు ఎందుకు అరుస్తోంది? మెకానిక్ మూడుసార్లు హారన్ విప్పి చూసి, "దీనికేదో గాలి సోకింది సార్" అన్నాడని రాశావు. పాపం, అతన్నేమీ అనకు. అది నేనే. ఈ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నరోజు నీ ఫోన్లో దాని యాప్ పెట్టాను కదా, చప్పుడు చేయకుండా నా ఫోన్లోనూ పెట్టుకున్నాను. నేను ఆఫీసు నుంచొచ్చి నా అద్దెగది తాళం తీసేసరికి ఆరున్నర. లోపల "వచ్చావా?" అనేవాళ్ళుండరు. యాప్‌లో హారన్ బటన్ నొక్కితే నువ్వు "మళ్ళీ మొదలెట్టిందిరా బాబూ" అంటూ గుమ్మంలోకి వస్తావని తెలుసు. అంతే, ఆ పూటకి చాలేది.

కానీ నాన్నా, పోయిన గురువారం పొద్దున జరిగింది నా పని కాదు.

నువ్వు మందుల షాపులో ఉండగా, అమ్మ కూర్చున్న కారుకి లోపలి నుంచి కూడా తెరుచుకోని తాళం పడింది. అద్దాలు దిగలేదు. నువ్వొచ్చి తాళం తీసేదాకా ఎండలో ఏడు నిమిషాలు. "మీ అమ్మ అద్దం బాదుతుంటే టాటా చెబుతోందనుకున్నా" అని నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు.

వెంటనే ఆ కారు మనకమ్మిన పళ్ళ డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన కొత్తగా కొన్నదీ అదే కంపెనీ కారు. ఆయన ఫోన్లో, ఆ యాప్‌లో రెండు కార్లూ ఉన్నాయి. "అయ్యో తల్లీ, నా కారనుకుని తాళం నొక్కాను! అమ్మేసిన కారు ఇంకా నా ఫోన్లో ఎందుకుంటుంది?" అన్నారు.

ఎందుకుందో నాకు తెలుసు. కొన్నరోజే యజమానుల జాబితాలో ఆయన పేరు చూశాను. ఆయన్ని తీయాలంటే నీ ఒక్కడి పేరు ఉంచి అందరినీ తీసేయాలి. నా దొంగ హారన్ పోతుందని వదిలేశాను. ఊళ్ళోవాళ్ళ కార్లకి కన్నాలు వెతికే నేను, మన కారుకున్న కన్నాన్ని తెలిసీ ఉంచాను. ఇది అమ్మకి చదివి వినిపించు. తిట్టనీ.

ఇప్పుడు వెళ్ళి కారు తలుపు తెరిచే ఉంచి కూర్చో. స్క్రీన్ మీద "యజమానులు" తెరిచి, "మిగతా అందరినీ తొలగించు" నొక్కు. నా పేరు చూసి నీ వేలు ఆగుతుంది, నాకు తెలుసు. ఆగకూడదు. ఇకమీదట హారన్ దానంతటదే మోగితే నేననుకుని మురిసిపోకు. అమ్మని ఎక్కించకుండా నాకు ఫోన్ చెయ్యి.

శనివారం ఆరున్నరకి వస్తాను. తలుపు రెండుసార్లు కొడతాను, చేత్తో.

ఇట్లు,
నీ కారు మీద సమస్త హక్కులూ వదులుకున్న
నీ కూతురు