మగవాళ్ళ వైపు కిటికీ

తమ్ముడు లిండిలేకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఫోనులో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నాను.

చలి తగ్గగానే నీ భార్య నోమసా మన గుండ్రటింట్లో మగవాళ్ళు కూర్చునే వైపు, కిటికీ కింద చాప పరిచి, గోతంలో ఎండుగడ్డి కుక్కి దిండు కుట్టుకుంది. పెళ్ళితో ఆగిపోయిన పన్నెండో తరగతి పరీక్షకు అక్కడే చదువుకునేది. కోడలు మగవాళ్ళ వైపు కూర్చోకూడదని నాకూ తెలుసు. కానీ ఇంటికి ఉన్న ఒక్క కిటికీ ఆ వైపే ఉంది.

బాబాయి చూసి నీకు చెప్పాడు. "మా నాన్న కూర్చున్న చోట కాళ్ళు చాపుకుంటావా? మహారాణివా?" అని నువ్వు ఫోనులో అరిచిన అరుపు పెరట్లో ఉన్న నాకూ వినబడింది. ఆమె దిండు విప్పి, గడ్డి ఆవుకు వేసింది.

నాన్న పోయాక ఆ వైపు ఏ మగాడూ కూర్చోలేదు. నువ్వు పనిచేసే గని నుంచి క్రిస్మస్‌కు వచ్చినా సారా కొట్లోనే కూర్చుంటావు.

ఈ ఇంట పుట్టినదాన్ని, నాకు ఆ అడ్డు లేదు. నిన్న ప్రార్థన ముగించి నేనే అక్కడ కూర్చుని, "రా అమ్మాయ్, నా పక్కన కూర్చో. నిన్నెవరేమంటారో చూస్తాను" అన్నాను.

"వద్దు వదినా. మిమ్మల్ని ఏమీ అనరు. నన్నే పుట్టింటికి పంపేస్తారు" అంది.

ఇప్పుడు ఆడవాళ్ళ వైపు గోడకు ఆనుకుని, పుస్తకాన్ని వెలుతురు కేసి చాచి పట్టుకుంటోంది. కనిపిస్తోందా అంటే, కనిపిస్తోందంటుంది. పేజీ మాత్రం తిరగడం లేదు.

రోజూ మీ ఇద్దరి పేర్లూ చెప్పి ప్రార్థించేదాన్ని. ఇవాళ ఆమె పేరు చెప్పి, అక్కడితో ఆపేశాను.

మీ పెద్దక్క