అత్త కోడికి తామర

బావా,

మిరప కోతకు వెళ్తున్నా, మేస్త్రి ఆటో వచ్చేసింది. అన్నం, పప్పు పొయ్యి పక్కన మూతపెట్టి ఉన్నాయి.

అత్త కోడిని విడిగా గంప కింద ఉంచాను, మిగతా వాటితో కలపొద్దు. దాని జుట్టు మీద సున్నం చల్లినట్టు కనపడేది ఫంగస్సంట, మనకొచ్చే తామర లాంటిదేనంట. పశువుల డాక్టరుగారు ఇచ్చిన ఆయింట్‌మెంట్ కిటికీలో ఉంది. సాయంత్రం చేతికి కవరు తొడుక్కుని రాయి, మనకూ అంటుకుంటుందంట.

మిరపకాయలు కోసిన చేతుల్తో మందు రాసి దాని కళ్లు పోగొట్టానని మొన్న అంతమందిలో అన్నావు. నేనూ అదే నిజమనుకున్నా. నిన్న డాక్టరుగారిని అడిగితే నవ్వారు. "కోళ్లకు కారం మండదమ్మా. కల్లంలో మిరపగింజలు ఏరుకు తినడం చూళ్లేదా?" అన్నారు. రోజూ చూసేదాన్నే, తట్టలేదు. ఆ తామరే కళ్లదాకా పాకిందంట, మందు రాస్తే తగ్గుతుందంట. ఆదివారం అత్త జ్ఞాపకార్థ కూడికకు దాన్ని కోయొద్దు. ఫారం కోడి తీసుకురా.

ఫెబా

ఇంకోటి. అత్త పోయిన రోజు కూడా నేను చేలోంచి అలాగే పరిగెత్తుకొచ్చి, ఈ కారం చేతుల్తోనే ఆమె కళ్లు తుడిచాను. మండుతాయని గుర్తొచ్చి వెంటనే చెయ్యి తీసేశాను. రెప్ప కదల్లేదు, చుక్క నీరు రాలేదు. నువ్వింకా అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉన్నావు. నీకెలా చెప్పాలో తెలియక పక్కన కూర్చున్నా.