పెట్టని ఫిల్లింగ్

ఫిబ్రవరి 3, సోమవారం

ప్రిన్సిపాల్ పిలిచి కొత్త సబ్జెక్టు ఒకటి నా నెత్తిన పెట్టారు. దంతవైద్యంలో పర్యావరణ పరిరక్షణ. ఫైనల్ ఇయర్ వాళ్ళకి, వారానికో గంట. నేనే ఎందుకండీ అని అడిగితే, మీకు ఆ విషయం మీద ఆసక్తి ఉందని అందరూ అంటున్నారు అన్నారు. ఆసక్తీ లేదు, పాడూ లేదు. ఎప్పుడో క్లినిక్‌లో కుళాయి వదిలేసి ఫోన్ చూసుకుంటున్న కుర్రాణ్ణి నలుగురిలో కడిగేశాను. అప్పట్నుంచి పిల్లల్లో నా పేరు కుళాయి మేడమ్. ఆ పేరు ప్రిన్సిపాల్ గది దాకా పాకినట్టుంది.

ఇంట్లో చెప్తే అత్తగారు, పళ్ళ డాక్టరుకీ చెట్లకీ ఏమిటే సంబంధం అన్నారు. నాకూ తెలియదు. చదవాలి.

ఫిబ్రవరి 9, ఆదివారం

చదివాను. కప్పులూ గ్లవ్సూ తగ్గించమంటారు, అంతే కదా అనుకున్నాను. అంత తేలికేం కాదు. పాత వెండి ఫిల్లింగ్‌లో పాదరసం ఉంటుంది. దాన్ని తవ్వి సింక్‌లోకి వదిలితే మురుగునీళ్ళలో కలుస్తుంది. ఆ ఫిల్లింగ్ ఉన్న పన్నుని పీకి, కాల్చే చెత్తలో పడేస్తే గాల్లో కలుస్తుంది. అన్నిటికంటే ఆశ్చర్యం, మన చెత్త కంటే మన పేషెంట్లు రావడానికీ పోవడానికీ తగలబెట్టే పెట్రోలుతో జరిగే హాని ఎక్కువ. రెండుసార్లు రప్పించే పని ఒక్కసారిలో చేసి పంపితే అదే పెద్ద ఉపకారమట. ఇన్నేళ్ళ సర్వీసులో ఈ మాట నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

మొదటి క్లాసు. ఒక్క చిన్న ఫిల్లింగ్‌కి మనం విప్పే సామానంతా తెచ్చి బల్ల మీద పరిచాను. గ్లవ్స్, మాస్కులు, కప్పు, ఛాతీ మీద పరిచే కాగితం, ఉమ్మి లాగే గొట్టం, దూది, కుర్చీకి చుట్టే కవరు, మళ్ళీ వీటన్నిటి పైనా ఉండే రేపర్లు. బల్ల చాల్లేదు. కుర్చీ మీద కూడా పెట్టాను.

వెనక బెంచీ వాడొకడు లేచి, అయితే గ్లవ్స్ ఉతికి ఆరేసుకోమంటారా మేడమ్ అన్నాడు. క్లాసంతా పళ్ళికిలించింది. ఇన్ఫెక్షన్ దగ్గర రాజీ లేదు నాయనా, నీ గ్లవ్స్ జోలికి నేను రాను అన్నాను.

అప్పుడు అసలు సంగతికొచ్చాను. చిన్న మచ్చ కనిపిస్తుంది. ఆత్రంగా తవ్వి ఫిల్లింగ్ పెడతాం. కొన్నేళ్ళకి అది ఊడుతుంది. ఈసారి ఇంకా పెద్దది పెడతాం. ఆ తర్వాత రూట్ కెనాల్, క్యాపు, చివరికి పీకుడు. ప్రతిసారీ ఇదే బల్లెడు సామాను, పేషెంటుకి మళ్ళీ మళ్ళీ ప్రయాణం. అన్నిటికంటే తక్కువ చెత్త చేసే ఫిల్లింగ్ ఏదంటే, అవసరం లేనప్పుడు పెట్టని ఫిల్లింగే అన్నాను. మొదట్లోనే పట్టుకోండి, ఫ్లోరైడ్ పూయండి, తోముకోవడం నేర్పండి, కొన్నాళ్ళాగి మళ్ళీ చూడండి అన్నాను.

నా మాట నాకే ముచ్చటేసింది. ముందు బెంచీలో ఒక్క అమ్మాయి తప్ప ఎవరూ రాసుకోలేదు. ఆ అమ్మాయిని అందరూ నిదానం అని పిలుస్తారు. నడకా నిదానమే, మాటా నిదానమే. చెయ్యి మాత్రం చాలా మంచిది.

మార్చి 4, మంగళవారం

క్లినిక్‌లో కోటా గోల మొదలైంది. ప్రతి స్టూడెంటూ ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని పీకుళ్ళు, ఇన్ని కట్టుడుపళ్ళ సెట్లు పూర్తి చేస్తేనే ఫైనల్ పరీక్షకి కూర్చోనిస్తారు. అందుకని పిల్లలు అమ్మమ్మల్నీ బాబాయిల్నీ బస్సులెక్కించి తెస్తున్నారు. బాబాయిలైపోతే బాబాయిల పక్కింటివాళ్ళు. పంటి గాట్లలో కాఫీ మరక కనిపించినా సరే, క్యావిటీ అనేస్తారు. పక్కనున్న మేం తలూపుతాం. ఇది ఇక్కడి పాత అలవాటు.

ఇవాళ ఒకమ్మాయి సిగ్గుపడుతూ వచ్చి, మీ అత్తగారికి పళ్ళేమైనా పాడయ్యాయా మేడమ్ అని అడిగింది. ఇంటికెళ్ళి చెప్పాను. నా పళ్ళు నాతోనే వస్తాయి, మీ పిల్లల చదువుకి ఇంకేమైనా అడుగు అన్నారు.

మార్చి 11, మంగళవారం

నిదానం ఇవాళ ఒక పేషెంటుని డ్రిల్ ముట్టకుండా పంపేసింది. లారీ డ్రైవరు. రెండు పళ్ళ మీద సుద్ద రంగు మచ్చలు, ఇంకా గుంట పడలేదు. ఫ్లోరైడ్ పూసి, చేతికి అద్దం ఇచ్చి, బ్రష్ ఎలా తిప్పాలో అరగంట నేర్పింది. మూడు నెలలాగి రమ్మంది. పక్క కుర్చీ వాడు, నీకొద్దంటే నాకివ్వవే, నాకు రెండు కలిసొస్తాయి అన్నాడట. ఇవ్వలేదు.

కోటాకి ఇంకా ఎన్ని కావాలని అడిగాను. చాలా కావాలి మేడమ్ అని నవ్వింది. బాగా చేశావు అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మార్చి 19, బుధవారం

ఇవాళ నిదానం ఇంకొకర్ని తవ్వకుండానే పంపేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

మార్చి 27, గురువారం

క్యాంటీన్ నడిపే బాబాయ్ దవడ పట్టుకుని వచ్చాడు. కింది పన్ను నిట్టనిలువునా చీలింది. దాని చరిత్రంతా కుర్చీలో పడుకుని గర్వంగా చెప్పాడు. మొదట ఒక బ్యాచ్ పిల్లలు చిన్న ఫిల్లింగ్ పెట్టారు. నొప్పేం లేదు, కోటాకి ఒకటి తక్కువైందని బతిమాలితే సరేనన్నాడు. తర్వాతి బ్యాచ్ దాన్ని తీసి పెద్దది పెట్టింది. ఆ తర్వాతి వాళ్ళు రూట్ కెనాల్ చేశారు. పిల్లలు పాసవ్వాలి కదమ్మా అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ పన్నులో ఇక కాపాడేందుకేం మిగల్లేదు. నిదానమే తీసింది. అతనికి తెలియకుండానే బయటికొచ్చేసింది పన్ను. నర్సు దాన్ని కాల్చే చెత్త డబ్బాలో వేయబోతే నిదానం చెయ్యి అడ్డుపెట్టింది. ఇందులో వెండి ఫిల్లింగ్ ఉంది సిస్టర్, పాదరసం చెత్త విడిగా వేసే డబ్బా ఎక్కడ అంది. అలాంటి డబ్బా మాకు లేదు. నేనే స్టోర్ రూమ్‌కి వెళ్ళి, మూత బిగుతుగా పట్టే సీసా ఒకటి వెతికి తెచ్చాను.

ఏప్రిల్ 8, మంగళవారం

కోటా చూశారు. పీకుళ్ళూ సెట్లూ సరిపోయాయి. ఫిల్లింగుల్లో మాత్రం నిదానానికి నాలుగు తక్కువ. మిగతా బ్యాచంతా గట్టెక్కింది. గడువు ఈ నెల ఇరవై ఆరు.

ఏప్రిల్ 10, గురువారం

నిదానం వాళ్ళమ్మ వచ్చింది. బట్టలు కుడుతుందట, మెడలో టేపు అలాగే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. మా ఊరి ఆసుపత్రి వాళ్ళు జూలైలో చేరమన్నారు మేడమ్ అంది. ఇప్పుడు పరీక్ష పోతే మళ్ళీ ఆరు నెలలకే. అన్నాళ్ళు వాళ్ళు ఆగరు. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

మీరు క్లాసులో ఏదో చెప్పారట, అప్పట్నుంచి అదే పట్టుకుంది అంది. చిన్నప్పట్నుంచీ అంతేనట, టీచరు చెప్పిందంటే ఇక తిరుగులేదట. మిగతా పిల్లలు కూడా అదే క్లాసులో కూర్చున్నారు కదా మేడమ్, వాళ్ళకెందుకు ఎక్కలేదు అని అడిగింది. దెప్పడం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఫిల్లింగుల డిపార్ట్‌మెంట్ హెడ్‌ని పెద్దాయన అంటాం. నాకూ ఆయనే గురువు. ఆయన గదికి వెళ్ళాను.

ఈత నేర్చుకోకుండా ఒడ్డున కూర్చుని నీళ్ళు పొదుపు చేశానంటే ఎలాగమ్మా అన్నారు. చెయ్యి తిరగాలంటే తవ్వాలి. ప్లాస్టిక్ పళ్ళ మీద తిరగదా అన్నాను. ప్లాస్టిక్ పన్నుకి నాలుక అడ్డం రాదు, ఉమ్మి ఊరదు, అది భయపడి నీ చెయ్యి పట్టుకోదు అన్నారు. ఆ మాట నేనూ కాదనలేను.

క్యాంటీన్ బాబాయ్ పన్ను సంగతి చెప్పాను. చిన్న ఫిల్లింగ్, పెద్ద ఫిల్లింగ్, రూట్ కెనాల్, పీకుడు, రేపు ఆ ఖాళీలో పెట్టే కట్టుడుపన్ను. ఒక్క పన్ను మనకి ఐదు కేసులిచ్చింది సార్, ఆయనకేం మిగిలింది అన్నాను. తవ్వకుండా నిలబెట్టిన పన్నుని కూడా ఒక కేసుగా లెక్కపెట్టండి, కొన్నాళ్ళాగి చూసి గట్టిగా ఉంటేనే మార్కు వేయండి అన్నాను. ఆలోచన బాగుంది, కమిటీలో పెడదాం అన్నారు.

కమిటీ జూన్‌లో. పరీక్ష మేలో. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వడమంటే ఇదే.

ఏప్రిల్ 12, శనివారం

అన్నం సయించలేదు. ఏమైందని అత్తగారు అడిగితే మొత్తం చెప్పాను. చెప్పిన మాట వినలేదని పిల్లల్ని తిట్టుకునే టీచర్లని చూశాను గానీ, విన్నారని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నాను అన్నారు. మజ్జిగైనా తాగమని గ్లాసు తెచ్చి పక్కన పెట్టారు.

ఏప్రిల్ 22, మంగళవారం

పొద్దున్నే వెళ్ళి పేషెంట్లు పేర్లు రాయించుకునే చోట నిలబడుతున్నాను. నిజంగా గుంటపడ్డ పళ్ళున్నవాళ్ళని చూసి నిదానం కుర్చీకి పంపిస్తున్నాను. కుళాయి మేడమ్ ఏజెంటు పని మొదలుపెట్టిందని పిల్లలు చెవులు కొరుక్కుంటున్నారు. కొరుక్కోనీ. మూడు అయ్యాయి. మూడూ అచ్చమైన క్యావిటీలు, మూడూ ముచ్చటగా నింపింది. పెద్దాయన వెతికినా వంక దొరకలేదు.

ఇంకొక్కటి.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఎవరూ దొరకలేదు.

ఏప్రిల్ 26, శనివారం

గడువు మధ్యాహ్నం పన్నెండుతో సరి. పదకొండింటికి నేనే వెళ్ళి నిదానం కుర్చీలో పడుకున్నాను.

నా కింది దవడ చివరి పన్ను మీద నల్లటి గీత ఒకటుంది. అది క్యావిటీయేనని ఎప్పుడో తేల్చేసుకున్నాను. చేయించుకోవడానికి తీరికెక్కడిది? ఇవాళ ఇద్దరి పనీ అయిపోతుంది అనుకున్నాను. నిదానం మొహం వెలిగిపోయింది. దీపం దగ్గరికి లాగి, గాలి కొట్టి పన్ను ఆరబెట్టి, అద్దం పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. ఎక్స్‌రే తీసింది. దాన్ని దీపానికి ఎత్తి చూసింది.

మేడమ్, ఇది మరక అంది.

మరకేమిటని పడుకునే అరిచాను. ఇది గట్టిగా ఉంది మేడమ్, లోపల కూడా ఏమీ లేదు, ఫిల్లింగ్ అక్కర్లేదు అంది. లేచి కూర్చున్నాను. నా పన్ను, నా ఇష్టం, తవ్వు అన్నాను. టైమెంతైందో చూశావా, మీ అమ్మ నా దగ్గరికి వచ్చి వెళ్ళింది తెలుసా అన్నాను. చుట్టూ పిల్లలు పోగయ్యారు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. వేరేవాళ్ళ పన్నైతే మీరే నన్ను ఆపేవారు కదా మేడమ్ అంది. డ్రిల్ మాత్రం ముట్టలేదు.

పెద్దాయన ఎప్పుడొచ్చారో వెనక నిలబడి ఉన్నారు. నన్ను పడుకోమని తనే అద్దం తీసుకున్నారు. నిదానాన్ని ప్రశ్నలడిగారు. మరకని ఎలా గుర్తుపట్టావు, ఎక్స్‌రేలో ఏం చూశావు, పొరపాటు పడితే ఏం చేస్తావు. అన్నిటికీ చెప్పింది, నిదానంగా. ఆ పిల్ల చెప్పేది కరెక్టే అని నాతో అని వెళ్ళిపోయారు.

కరెక్టే. నేనే తప్పు చూశాను. కళ్ళముందే పన్నెండు దాటింది.

ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో ఏడ్చాను. నా మాటని నాకంటే ఎక్కువ నమ్మిన మనిషిని ఇంతవరకు చూడలేదు. ఆ మాట అసలు అనకపోతే బాగుండేది అనిపించింది. అనకుండా ఎలా ఉంటాను?

ఏప్రిల్ 28, సోమవారం

పరీక్షకి కూర్చోబోయేవాళ్ళ లిస్టు మీద క్లాస్ ఇన్‌ఛార్జి సంతకం నాదే. నిదానం పేరు లేదు. సంతకం పెట్టాను.

మే 2, శుక్రవారం

వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఊళ్ళో ఆసుపత్రి వాళ్ళు ఇంకొకర్ని తీసుకున్నారట. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. మా పిల్ల మీ పన్ను మీద చెప్పింది నిజమేనా మేడమ్ అని అడిగింది. నిజమే అన్నాను. సరేనండీ అని పెట్టేసింది.

మే 12, సోమవారం, ఉదయం 10

పరీక్ష మొదలైంది. బ్యాచంతా హాల్లో ఉంది. క్లినిక్‌లో నిదానం కుర్చీ దగ్గర ఒక్క దీపమే వెలుగుతోంది. కుర్చీలో పెద్దాయన, రెండు చేతులా కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని. నెలల తరబడి పన్ను నొప్పట. ఎవరికి చూపించినా తవ్వేస్తారని భయపడి ఎవరికీ చూపించలేదట.

నిదానం చాలాసేపు చూసింది. ఇది తవ్వాల్సిందే సార్ అంది.

ఆయన మారుమాట్లాడకుండా నోరు తెరిచారు.