ఎర్ర చుక్క నీ కంటికి కుదరాలి

పిట్టా, నా బంగారు పిట్టా,

ఎట్లున్నావు? నాయనమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చిన్నబాపు, చిన్నమ్మ బాగున్నారా? నేనిక్కడ బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. నా గురించి బెంగ వద్దు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్‌లో ఏం చెప్పినా చిన్నబాపు స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపిస్తాడు. నువ్వు ‘సరే అమ్మా’ అని పెట్టేస్తావు. ఈ మాటలు నువ్వు నిదానంగా రెండుసార్లు చదవాలి. మా గదిలో ఉండే రాజవ్వ సెలవు మీద ఇంటికి వస్తోంది. ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే దిద్దుకో.

ఇక్కడ ఎండ సంగతి చెప్పేదేముంది. పొద్దున్నే ఐకాడ్ లేబర్ క్యాంపులో రూము నుంచి బస్సు దాకా నడిస్తే చాలు, రవిక తడిసిపోతుంది. మెస్సులో పప్పుకు కొబ్బరినూనె తాలింపు ఇంకా మానలేదు. పచ్చిపులుసు తాగాలనిపిస్తుంది. రాజవ్వ తిరిగొచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు పంపు, కారం ఎక్కువగా వెయ్యి. నాకు డ్యూటీ ఇప్పటికీ ఆ షూటింగు క్లబ్బులోనే. అద్దాలు, నేల, బాత్రూములు. బాగానే ఉన్నాను, మళ్లీ చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. మీ అన్న రైఫిల్ మీది గురి యంత్రంలో ఎర్ర చుక్క చెదిరిపోయి కనబడుతోందని, గుళ్లు పక్కకు పోతున్నాయని, ఈ గురి నీకు రాదని మీ క్లబ్బు సారు అన్నాడని పోయిన నెల చెప్పావు. ఆ రైఫిల్‌కు చిన్నబాపు బేరం తెచ్చాడన్నావు. ‘అమ్మేయనియ్యి అమ్మా, నాతోని కాదు’ అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి తుడిచిన అద్దమే మళ్లీ తుడుస్తున్నాను.

మీ అన్న శీనుగాడు పోయి ఏడాది తిరిగింది. వానలో పొలం కాడ కరెంటు మోటరు పెట్టెలో చెయ్యి పెట్టినవాడు మళ్లీ లేవలేదు. నేను వచ్చేసరికి మూడో రోజు. నాకు మిగిలింది వాడి చెప్పులు, వాడి ఎయిర్ రైఫిల్. పదిహేను రోజులకే నేను తిరిగి విమానం ఎక్కితే ఊళ్లో ఏమన్నారో తెలుసు. కొడుకు పోయినా దుబాయ్ మోజు పోలేదన్నారు. అననీ. మీ బాపు పోయినప్పుడూ అన్నారు. నీ చదువు ఆగలేదు కదా.

మొన్నామధ్య క్లబ్బులో సామాను అమ్మే కౌంటరు అద్దం తుడుస్తుంటే లోపల నాలుగైదు చుక్క యంత్రాలు కనబడ్డాయి. మీ అన్న రైఫిల్ మీద ఉన్నదానిలాంటివే, రెడ్ డాట్ అంటారు. కౌంటరు దగ్గర ఖాన్ సాబ్ నిలబడి ఉన్నాడు. పెషావర్ ముసలాయన, అక్కడ అందరికీ గురి నేర్పేది ఆయనే. చీపురు గోడకు ఆనించి, ఒకసారి చూపించమని అడిగాను.

“కిస్ కో మార్నా హై, అమ్మాజీ?” అని నవ్వాడు. ఎవర్ని కొడతావని.

నా బిడ్డ కొడుతుంది, కాగితం మీద కొడుతుంది అన్నాను. ఆయన నవ్వు ఆపి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. రైఫిల్ లేదు, ఉత్త యంత్రమే. ఎదురు గోడకేసి చూశాను. చుక్క లేదు పిట్టా. కుంకుమ మీద నీళ్లు పడ్డట్టు చెదిరి, ఒక పక్కకు తోక సాగి ఉంది. ఇంకోటి చూశాను. అదీ అంతే. ఏడాదిగా ఏడ్చి ఏడ్చి నా కండ్లు పోయాయనుకున్నాను. ఆ మాటే ఆయనతో అన్నాను.

ఇంతలో మా సూపర్‌వైజర్ మల్లన్న వచ్చాడు, మన జగిత్యాల దిక్కు మనిషే.

“ఏందక్కా, తుపాకులు కొనవడితివి? గా బాత్రూములు ఎవలు కడుగుతరు? యల్లా, నడువు.”

“నేనే కడుగుత. పన్నెండేండ్ల సంది నేనే కడుగుతున్న. రెండు నిమిషాలు ఆగితే బాత్రూములు ఎటన్న లేచిపోతయా? నీ ఫోన్ ఇటియ్యి.”

“నా ఫోన్ ఎందుకే?”

“ఖాన్ సాబ్ ఫోటో తియ్యమంటుండు. నా ఫోన్ల సాఫ్ రాదు.”

మల్లన్న గొణుక్కుంటూనే తీశాడు. యంత్రం వెనక ఫోన్ పెట్టి తీస్తే, ఫోటోలో చుక్క గుండ్రంగా ఆవగింజలా ఉంది. యంత్రం మంచిదే. చెదిరింది నా కంట్లోనే.

“ఆంసూ సే నహీ, అమ్మాజీ. ఆంఖ్ హీ ఐసీ హై” అన్నాడు ఖాన్ సాబ్. ఏడుపు వల్ల కాదట. నా కన్నే పుట్టుకతో అట్లా ఉందట, అద్దాల చీటీలో సిలిండరు అని రాసే పవరు ఉన్నవాళ్లకు ఎర్ర చుక్క ఇట్లాగే చెదురుతుందట. బిడ్డకు కళ్లద్దాలు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. సిలిండరేనన్నాను. రైఫిల్ పట్టినప్పుడు పెట్టుకుంటుందా అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. నువ్వు తీసేస్తావు. మీ అన్న ఉత్త కంటితో కొట్టేవాడు కాబట్టి నువ్వూ తీసేస్తావు. వాడు చుక్క వెలుగు పెంచే బిరడా చివరిదాకా తిప్పి పెట్టాడు, అది నువ్వు ముట్టుకోలేదు. వాడు తిప్పిన మరలు ఇంకెవరినీ ముట్టుకోనివ్వవని చిన్నమ్మ చెప్పింది. ఎందుకో నాకు తెలుసు బిడ్డా. ఆ మరల మీద ఆఖరుగా పడ్డది వాడి వేలే. వాటిని తిప్పమని రాయడానికి నాకు పది రోజులు పట్టింది. రెండు కాగితాలు చింపాను.

కానీ రాస్తున్నాను. తిప్పు. వాడు పొడుగు, నువ్వు పొట్టి. వాడి చెంప ఆనే చోటు వేరు, నీది వేరు. పది మీటర్ల దగ్గర తల ఏ కాస్త జరిగినా గుండు పక్కకు పోతుందట. శీనుగాడిది వాళ్ల బాపు కన్ను. నీకు నా కన్ను వచ్చింది. నా కన్ను నీకు ఇచ్చాను కాబట్టి దానికి మందు చెప్పాల్సింది కూడా నేనే.

ముందు అద్దాలు పెట్టుకుని, వెలుగు బాగా తగ్గించి చూడు. మనవాళ్లంతా ఎంత వెలుగుంటే అంత మంచిదనుకుంటాం, దీనికి అది తప్పట. వెలుగు పెరిగేకొద్దీ చుక్క ఇంకా చెదురుతుంది. పండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు ఖాన్ సాబ్. అట్లా తగ్గించినా కుదరకపోతే కొత్తది కొందాం. ఇక్కడి నుంచి ఇట్లాంటివి తెస్తే ఎయిర్‌పోర్టులో అడుగుతారట, కాబట్టి హైదరాబాద్‌లోనే కొను. ఫోన్‌లో బొమ్మ చూసి తెప్పించకు. కొట్టుకు నువ్వు పో, నీ అద్దాలు పెట్టుకుని నీ కంటితో చూడు. చిన్నబాపు చూసి బాగుందంటే కుదరదు. ఎర్ర చుక్క ఎంత తగ్గించినా చెదిరితే, గాజు మీదే గీత చెక్కి ఉండే రకం ఉంటుంది, అది అడుగు. గీత చెదరదు. నేను చూశాను, నాకు సూదిలా నిలబడింది. ఇంకోటి మరవకు, మనది స్ప్రింగు రైఫిల్, ముందుకూ వెనక్కూ తంతుంది. దానికి తట్టుకుంటుందా అని కచ్చితంగా అడుగు, నాసిరకానివి పది రోజులకే ఊడిపోతాయట. పెద్ద పోటీల్లో ఈ యంత్రాలు పెట్టనివ్వరని కూడా ఖాన్ సాబ్ చెప్పాడు. సరే, అది అప్పుడు చూద్దాం. ముందు మీ క్లబ్బు పోటీలో నిలబడు.

మీ అన్నది తీశాక లోపలి సెల్లు తీసెయ్యి, ఉంటే కారి పాడవుతుంది. వాడి తువ్వాలలో చుట్టి నా ట్రంకు పెట్టెలో పెట్టు.

చిన్నబాపుకు ఈ కింది మాటలు చదివి వినిపించు. మరిదీ, పిల్లలను చూసుకున్న నీ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ రైఫిల్ అమ్మేది లేదు. పోయినవాడి వస్తువు ఇంట్లో ఉంటే అరిష్టమంటున్నావట. మోటరూ వాడు పట్టిందే, దానితోనే పొలం పారిస్తున్నావు. ఆడపిల్ల చేతిలో తుపాకీ ఏమిటని ఎవరైనా అడిగితే వాళ్లమ్మ ఇచ్చిందని చెప్పు. బేరం తెచ్చినవాణ్ణి వెనక్కి పంపు.

మీ సారుకు కూడా చెప్పు పిట్టా, గురి రాదని అద్దాలు పెట్టించి చూశాక అనమను. నీ చేత కాలేదంటే మానెయ్యి, నేనేమీ అనను. కానీ నీ అద్దాలు, నీ మరలు పెట్టుకుని కొట్టాక ఆ మాట చెప్పు. వాడిలా కొట్టలేకపోయానని మానితే మాత్రం ఒప్పుకోను.

నేను ఏడుస్తున్నానని అనుకోకు. ఏడుస్తాను, అది వేరే సంగతి. కండ్లయితే పోలేదు.

నాయనమ్మ కాళ్లకు నా దండాలు, నన్నూ నిన్నూ దీవించమను. చిన్నమ్మను అడిగానని చెప్పు. నీ తల మీద నా చెయ్యి ఎప్పుడూ ఉంటుంది.

మీ అమ్మ

మరిచాను. నువ్వు పొద్దున క్లబ్బుకని ఉత్త చాయ్ తాగి పోతున్నావట, నాయనమ్మ చెప్పింది. ఖాళీ కడుపుతో చెయ్యి వణుకుతుంది. కడుపు నిండా తిని పో.